కాటా జగన్నాధం చిటికెడు ఉప్పు

నౌపడలో జగన్నాధం అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. కాటా జగన్నాధం అంటే మాత్రం ఒక్కడే తిరుగుతాడు. అదీ వెంటనే తిరగడు. ముందు కళ్లజోడు సర్దుకుంటాడు, తరవాత గొంతు సవరించుకుంటాడు, పిలిచినవాడికి కాటాతో పనుందా, ఉత్తినే పిలిచాడా అని బేరీజు వేసుకుంటాడు, అప్పుడు తిరుగుతాడు. అంత హోదా ఆయనకి ఎవరిచ్చారయ్యా అంటే ఎవరూ ఇవ్వలేదు, ఆయనే తీసుకున్నాడు.

ఉద్యోగం చూస్తే చిన్నదే. ఉప్పు మడుల గట్టు చివర లారీ ఎక్కి నిలబడే ఇనప కాటా ఒకటుంది. దాని పక్కన రేకుల గది. గదిలో ఒక బల్ల, బల్ల మీద పాత కంప్యూటరు, దాని వెనక జగన్నాధం. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, ఉప్పెత్తుకుని వచ్చినప్పుడు ఇంకోసారి తూకం వేసి చీటీ అచ్చేసి ఇవ్వాలి. చీటీ లేనిదే గేటు దగ్గర తాడు దించరు. తూకం చూపించే డబ్బా ఒకటి విడిగా ఉండేది గానీ అది ఎప్పుడో మూగబోయింది. లారీ నెంబరు కొడితేనే కంప్యూటరు తెర మీద తూకం పడుతుంది. కాబట్టి జగన్నాధం వేలు కదలకపోతే నౌపడ ఉప్పు కదలదు. ఈ మాట ఇంకెవరూ అనరు, ఆయనే రోజుకు రెండుసార్లు అంటాడు.

ఆయన తండ్రి కూడా కాటా మనిషే. అప్పట్లో దూలానికి వేలాడే చేతికాటా ఉండేది. ఏటా మడుల్లో తొలి ఉప్పు తేలిన రోజున ఆ ముసలాయన తలస్నానం చేసి వచ్చి, కొత్త ఉప్పు చిటికెడు తీసి కాటా దూలం మీద పెట్టి, దండం పెట్టుకుని గానీ మొదటి తూకం వేసేవాడు కాదు. ఇంటికొచ్చిన మనిషికి ముందు మంచినీళ్లిచ్చినట్టు, ఉప్పు తూచే కాటాకి ముందు ఉప్పు పెట్టాలి. అది ఆ ఇంటి ఆచారం. 2004లో చేతికాటా పోయి లారీ కాటా వచ్చేసరికి జగన్నాధానికి పెద్ద చిక్కొచ్చి పడింది. ఉప్పు ఎక్కడ పెట్టాలి? ఇనప రేకు మీద పెడితే లారీ టైరు తొక్కుతుంది, అపచారం. తెర మీద పెడితే జారిపోతుంది. రెండు రోజులు ఆలోచించి కీబోర్డు మీద పెట్టాడు. మనం చెప్పిందల్లా అది మింగేది అక్కడే కాబట్టి దాని నోరు అదేనని తేల్చుకున్నాడు. అప్పటినుంచీ పన్నెండేళ్లుగా ఏటా తొలి ఉప్పు చిటికెడు కీబోర్డు నోట్లో పడుతూనే ఉంది.

ఆ కంప్యూటరు బిగించినవాడు రాజాం కుర్రాడు దేవేంద్ర. అప్పుడే ఇంజనీరింగు పూర్తి చేసి ఉరకలేస్తున్నాడు. అందరూ వాడే విండోస్ పెడితే వైరస్‌లు పట్టుకుంటాయని, యూనిక్స్ బాపతు సిస్టమ్ ఒకటి ఎక్కించాడు. ఎక్కించి ఊరుకుంటే బాగుండేది. ఉప్పు కాటాకి పాటలెందుకు, ఇంటర్నెట్టెందుకు, అదెందుకు, ఇదెందుకు అని సిస్టమ్ గుండెకాయలోంచి అక్కర్లేదనుకున్నవన్నీ ఏరి పక్కన పెట్టేసి, కాటాకి ఎంత కావాలో అంతే ఉంచాడు. తన పనితనం చూసుకుని ఆ రోజు తెగ మురిసిపోయాడు. ఆ మురిపెం సంగతి పన్నెండేళ్ల తరవాత బయటపడింది, దాని దగ్గరికే వస్తున్నాను.

స్విచ్చి వేయగానే, ఆ సిస్టమ్ లేచేముందు, తెర మీద అక్షరాలతో అల్లిన బొమ్మ ఒకటి కనబడుతుంది. రెండు కొమ్ములు, చేతిలో త్రిశూలం. అది కంపెనీ గుర్తులాంటిదని దేవేంద్ర చెప్పాడు గానీ జగన్నాధం వింటేనా! కొమ్ములూ శూలమూ ఉన్నవాడు పోతురాజు కాక ఇంకెవరు? రోజూ పొద్దున్నే బొమ్మ కనబడగానే, చెప్పులు విడిచిన కాళ్లతో నిలబడి, కీబోర్డుని రెండు చేతులా తాకి కళ్లకద్దుకుని, పోతురాజుని, ఊరి అమ్మవారిని, పాత చేతికాటాని, తండ్రిని వరసగా తలుచుకుని అప్పుడు కుర్చీలో కూర్చునేవాడు. ఈలోపు బొమ్మ పక్కన పది, తొమ్మిది, ఎనిమిది అని అంకెలు తగ్గుతూ సున్నాకొచ్చి సిస్టమ్ దానంతటదే లేచేది. తన దండం పూర్తయ్యే వరకూ పోతురాజు ఓపిగ్గా ఆగి, ఆ తరవాతే తలుపు తీస్తున్నాడని జగన్నాధం గట్టి నమ్మకం.

ఆ గదికి నియమాలున్నాయి. చెప్పులు బయట. బీడీ బయట. కీబోర్డు మాత్రం ఎవ్వరూ ముట్టకూడదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లినా దాని మీద ఎర్ర తువ్వాలు కప్పి వెళ్లేవాడు. ఆ గది రోజూ ఊడ్చేది ఆయన భార్య తవిటమ్మ. ఉప్పు మడుల్లో పని ముగించుకుని వచ్చి చీపురు పట్టగానే ఆయన ఒకటే మాట.

"ఒసే, బల్ల జోలికెల్లకే."

"నానెందుకు ముడతాను మావా? నీ కాటా నువ్వే ఏలుకో," అనేది ఆమె.

2014లో దేవేంద్ర ఏదో పని మీద అటు వచ్చి, ఆ కీబోర్డు ఇంకా పని చేస్తోందని చూసి నోరు వెళ్లబెట్టాడు. "మా ఏసీ గదుల్లోనే మూడు నాలుగేళ్లకి పోతున్నాయి బాబాయ్. ఈ ఉప్పు గాలిలో పదేళ్లా? ఏం చేస్తున్నావు నువ్వు?" అన్నాడు. ఇక జగన్నాధాన్ని పట్టుకోగలమా? "జాగర్త బాబూ, జాగర్త. ఎవుల సెయ్యీ పడనివ్వను," అని, ఆ తరవాత కాటా ఎక్కిన ప్రతి లారీ డ్రైవరుకీ ఇంజనీరు అన్న ఆ మాట అప్పజెప్పాడు. రాముడనే డ్రైవరుకైతే ఆ కథ ఎన్నోసారో లెక్కే తెలియదు.

ఇక 2016 సంగతి. ఆ ఏడాది తవిటమ్మ ఒక పని చేసింది. పాతికేళ్లు ఎవరి మడుల్లోనో కూలికి ఉప్పు లాగిన మనిషి, ఇంకో పదకొండు మంది ఆడవాళ్లని కూడగట్టి, సొంతంగా నాలుగు మడులు కౌలుకి తీసుకుంది. "ఆడోల్లు మడులు ఏలతారా? ములిగిపోతారే," అని జగన్నాధం నలుగురిలో నవ్వాడు. ఆమె పట్టించుకోలేదు. తొలి ఉప్పు తేలే వేళకి కూతురు హేమ పురుటికని శృంగవరపుకోట వెళ్లాల్సొచ్చి నెల్లాళ్లు ఊళ్లో లేదు గానీ, తిరిగొచ్చిన రోజు నుంచీ ఎండనక మడుల్లోనే ఉంది. మే నెల వచ్చేసరికి పన్నెండు మంది చేతుల మీద తెల్లగా పెద్ద కుప్ప లేచింది, పైన తాటాకుల కప్పు. వాళ్ల పేరున వాళ్లు చేసుకున్న మొదటి ఉప్పు అది. కుప్ప దాటి వెళ్లేటప్పుడు తవిటమ్మ ఊరికే దాని చుట్టూ ఒకసారి తిరిగి వెళ్లేది.

ఉప్పు ఎత్తే రోజు వచ్చింది. పొద్దున్నే ఆడవాళ్లు తాటాకులన్నీ లాగేసి కుప్ప తెరిచారు. రాముడి లారీ ఖాళీ తూకం వేయించుకుని లోపలికి వెళ్లి, నిండుగా ఉప్పెత్తుకుని కాటా ఎక్కింది. గేటు అవతల ఇంకో నాలుగు ఖాళీ లారీలు. జగన్నాధం కళ్లజోడు సర్దుకుని, చూపుడు వేలెత్తి, రాముడి లారీ నెంబరు మొదటి అక్షరం కొట్టాడు. పడలేదు. రెండోది కొట్టాడు. పడలేదు. మూడోది కొడితే అదొక్కటే తెర నిండా బారులు తీరి ఆగిపోయింది. ఊదాడు, తువ్వాలుతో తుడిచాడు, బతిమాలాడు. కీబోర్డు ఉలకలేదు, పలకలేదు.

"ఏటైనాది?" అని రాముడు లారీలోంచే అరిచాడు.

"గాలికి నీరసించినాది, ఒక్క నిమిసం," అన్నాడు జగన్నాధం.

ఆ ఒక్క నిమిషం రెండు గంటలైంది. ఆటో ఎక్కి టెక్కలి పరిగెత్తి వెళ్తే, దుకాణంవాడు పాతదానిలా గుండ్రటి పిన్ను ఉండే కీబోర్డులు రావడం మానేశాయన్నాడు. కొత్తరకాన్ని పాత కన్నానికి తగిలించే మార్పిడి పిన్ను కావాలంటే విశాఖపట్నం నుంచి రావాలి, రెండ్రోజులు పడుతుందన్నాడు. ఉన్నది యూఎస్‌బీ కీబోర్డు, చదునైన పిన్నుది. సరే అని అదే తెచ్చి, కంప్యూటరు వెనక తడిమి తడిమి దూర్చాడు. స్విచ్చి వేశాడు, దండం పెట్టుకున్నాడు, సిస్టమ్ లేచింది. కొత్త కీబోర్డు నొక్కితే గోడకి చెప్పుకున్నట్టే ఉంది.

అప్పటికి ఒంటిగంట. మహేంద్రగిరి వైపు నల్లగా మబ్బు లేచింది. గాలి తిరిగింది. గట్టు మీద లారీ వెనక్కి తిరిగే చోటు లేదు. రాముడి లారీ కదిలితే గానీ అవతలివి కాటా ఎక్కలేవు, ఖాళీ తూకం పడితే గానీ అవి లోపలికి పోలేవు. లోపల తాటాకు లేని కుప్ప ఆకాశం కింద నగ్నంగా ఉంది. మళ్లీ కప్పాలంటే పూట పని. ఒక్క వాన చాలు, పన్నెండు మంది ఎండలో కాచుకున్నదంతా మళ్లీ నీళ్లయి సముద్రంలో కలిసిపోవడానికి.

తవిటమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. కోప్పడలేదు. "మావా, మా ఉప్పు ఎల్తాదా, ఎల్లదా?" అని మాత్రం అడిగింది. ఆ గొంతు విని జగన్నాధం కొత్త కీబోర్డు మీంచి వేలు తీసేశాడు. పన్నెండేళ్లలో మొదటిసారి ఆయన వేలి వల్ల కాని పని ఎదురైంది, అదీ ఈ రోజే.

దేవేంద్రకి ఫోను చేశాడు. అతను ఇప్పుడు రాజాంలోనే పాఠాలు చెప్పుకుంటున్నాడు. సంగతంతా విన్నాడు. తరవాత, "బాబాయ్, తప్పు నాది," అన్నాడు. "ఉప్పు కాటాకి యూఎస్‌బీ ఎందుకులే అని అప్పుడు నేనే తీసేశాను. ఆ కీబోర్డు మాట అర్థం చేసుకునే ముక్కని డ్రైవర్ అంటారు. అది డిస్కులో ఒక మూల పడుంది గానీ సిస్టమ్ లేచేటప్పుడు దాన్ని పిలవదు. మనమే పిలవాలి."

"పిలుద్దుం బాబూ. ఎలాగ?"

"కీబోర్డుతో టైపు చేసి."

జగన్నాధం ఫోను కేసి అనుమానంగా చూశాడు. "కీబోర్డు పన్జెయ్యాలంటే కీబోర్డుతో కొట్టాలేటి? ఎటకారమా బాబూ?"

"కాదు బాబాయ్, విను. స్విచ్చి వేయగానే కొమ్ముల బొమ్మ వస్తుంది కదా? అప్పటికింకా సిస్టమ్ లేవదు. యంత్రం తన సొంత తెలివితో ఏ కీబోర్డు మాటైనా వింటుంది. పది అంకెలు లెక్కపెట్టేదాకా వింటుంది, ఆ తరవాత వినదు. ఆ పది సెకన్ల లోపల కింద పొడుగ్గా ఉండే మీట నొక్కు, లెక్క ఆగిపోతుంది. తరవాత ఆరు నొక్కు. అప్పుడు మూడు వరసలు చెప్తాను, నిదానంగా కొట్టొచ్చు."

ఇంతేనా అనుకున్నాడు జగన్నాధం. ఫోను తవిటమ్మ చేతికిచ్చి, స్పీకరు పెట్టించి, కంప్యూటరు కట్టేసి మళ్లీ స్విచ్చి వేశాడు.

"బొమ్మ వచ్చిందా?" అంది ఫోను. జవాబు లేదు. "బాబాయ్, నొక్కావా?" జవాబు లేదు. "బాబాయ్!"

"ఉండు బాబూ, దండం ఎట్టుకుంతన్నాను."

అంకెలు సున్నాకొచ్చాయి. సిస్టమ్ హాయిగా లేచి కూర్చుంది, కొత్త కీబోర్డు మళ్లీ మూగదైపోయింది.

"ఈసారి దండం వద్దు బాబాయ్, నీకు దండం పెడతాను," అన్నాడు దేవేంద్ర.

"వద్దంటే ఎలాగ? సరే, కురసగా ఎట్టుకుంటాను," అని జగన్నాధం రెండోసారి చేతికాటాని, తండ్రిని వదిలేసి, పోతురాజు దగ్గర మొదలెట్టి అమ్మవారి దగ్గరికి వచ్చేసరికి అంకె ఒకటి మీదుంది. మీట మీద వేలు పడేలోపు అదీ పోయింది. మూడోసారి నిజంగానే దండం మానేద్దామని పళ్లు బిగించి నిలబడ్డాడు. బొమ్మ కనబడింది. చేతులు వాటంతటవే లేచి కళ్లకద్దుకుని వచ్చాయి. పన్నెండేళ్లుగా రోజూ చేసిన పని, చేతులకి ఆయన అనుమతి అక్కర్లేదు.

బయట రాముడు హారను మోత మోగిస్తున్నాడు. గడపలో ఒక చినుకు పడింది.

"మావా," అంది తవిటమ్మ, "స్విచ్చి ఎయ్యకముందే దండం ఎట్టేసుకోవచ్చు కదేటి?"

"సామి అవుపడకుండా దండమేటే?"

"గుడి తలుపేసున్నప్పుడు బయిట నుంచి ఎట్టుకోవా మరి?"

ఫోనులోంచి దేవేంద్ర, "ఆవిడ చెప్పినట్టు చెయ్యి బాబాయ్, ఆవిడ చెప్పినట్టు చెయ్యి," అని ప్రాధేయపడ్డాడు. జగన్నాధం ఒప్పుకున్నాడు. నల్లటి తెర ముందు నిలబడి పోతురాజు నుంచి తండ్రి దాకా ఒక్కరినీ వదలకుండా నిండు దండం పెట్టుకుని, అప్పుడు స్విచ్చి వేశాడు. బొమ్మ రాగానే చేతులు మళ్లీ లేచాయి. ఈసారి ఆయనే వాటిని మధ్యలో చూసి సిగ్గుపడ్డాడు గానీ అంకెలు సిగ్గుపడవు కదా.

రెండో చినుకు, మూడో చినుకు. కుప్ప దగ్గర ఆడవాళ్లు చీరకొంగులు తీసి ఉప్పు మీద పట్టుకుని నిలబడ్డారు, కొంగుతో కొండ కప్పుదామని. గది కిటికీలోంచి అది చూసి జగన్నాధానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఫోను లాక్కుని తన చేతిలో పట్టుకుని, "తవిటీ, నువ్వు నొక్కు," అన్నాడు.

తవిటమ్మ కొంగు బొడ్లో దోపింది. కొత్త కీబోర్డుని రెండు చేతులా తీసి, గభాలున బోర్లా తిప్పి, వీపు మీద రెండు దెబ్బలు కొట్టి, మళ్లీ బల్ల మీద పెట్టింది.

"ఏటే అది? సేటనుకున్నావేటి, సెరగడానికి?" అని జగన్నాధం కంగారుపడ్డాడు.

"అలవాటు," అని నాలిక్కరుచుకుని, "స్విచ్చి ఎయ్యి మావా బేగి," అంది.

ఏమలవాటో అడిగే తీరిక లేదు. స్విచ్చి వేశాడు. బొమ్మ వచ్చింది. ఆయన రెండు చేతులూ ఫోనుతో సహా కళ్లకద్దుకుంటూ ఉండగానే, ఎనిమిది దగ్గర తవిటమ్మ కింది పొడుగు మీట నొక్కేసింది. అంకెలు ఆగిపోయాయి. ఎనిమిది ఎనిమిదిగానే నిలబడింది. ఇద్దరూ ఒక క్షణం దాన్నే చూశారు.

ఆరు నొక్కితే తెర మీద ఓకే అని పడింది. "ఓకే అంతన్నాది బాబూ! అయిపోనాది!" అని జగన్నాధం ఎగిరాడు. "అవలేదు బాబాయ్, ఏం కావాలని అడుగుతోంది అంతే. ఇప్పుడు కొట్టు. ఎల్, ఓ, ఏ, డీ," అన్నాడు దేవేంద్ర. ఇక్కడ మాత్రం జగన్నాధం వేలు మళ్లీ రాజైంది. ఆయనకి ఇంగ్లీషు అక్షరాలు బళ్లో వచ్చినవి కావు, లారీల మీద వచ్చినవి. కె అంటే ఎవరి లారీయో, ఎన్ అంటే ఎవరి లారీయో అలా గుర్తు.

"యు," అన్నాడు దేవేంద్ర.

"మన రాముడి లారీ నెంబర్లో అంకెల ముందు ఉంటాది, అదేనా?"

"నాకేం తెలుసు బాబాయ్ రాముడి లారీ?"

"నాదే, నాదే!" అని రాముడు కిటికీలోంచి తల పెట్టి అరిచాడు. అలా ముగ్గురూ కలిసి మూడు వరసలు కొట్టించారు. సిస్టమ్ గుండెకాయని ఎక్కించమని ఒకటి, కీబోర్డు డ్రైవర్‌ని పిలవమని ఒకటి, ఇక లేవమని ఒకటి. తెర నిండా తెల్లటి అక్షరాలు పరిగెత్తి ఆగాయి. కాటా తెర వచ్చింది. జగన్నాధం చూపుడు వేలెత్తి, రాముడి లారీ మొదటి అక్షరం నొక్కాడు. పడింది. రెండోది పడింది. పక్కనే తూకం పడింది.

"నేను వచ్చేదాకా కంప్యూటరు కట్టొద్దు," అని దేవేంద్ర చెప్తుంటే వినేవాళ్లెవరు! తవిటమ్మ అప్పటికే గట్టు మీద పరిగెడుతోంది. "ఎత్తండే, ఎత్తండి!" అని ఆమె కేక కాటా గది దాకా వినిపించింది. మబ్బు మధ్యాహ్నమంతా బెదిరించి బెదిరించి సాయంత్రం ఐదున్నర దాటాక విరుచుకుపడింది. అప్పటికి ఆఖరి లారీ మీద టార్పాలిన్ తాడు బిగిస్తున్నారు. అడుగున మిగిలిన రెండు తట్టల ఉప్పు వానలో కరిగిపోతుంటే పన్నెండు మందీ తడుస్తూ నిలబడి నవ్వుకున్నారు.

రెండ్రోజులకి దేవేంద్ర వచ్చాడు. సిస్టమ్ లేచేటప్పుడు చదువుకునే ఫైలులో ఒక్క వరస రాసి, ఇకమీదట ఆ డ్రైవర్ దానంతటదే వచ్చేలా చేశాడు. ఐదు నిమిషాల పని. తరవాత, పన్నెండేళ్లు బతికిన పాత కీబోర్డుని చూడాలని ఆశపడి, మరలు విప్పి పై పెంకు ఎత్తాడు. లోపల తెల్లగా గడ్డకట్టి ఉంది. గోటితో గీరి నాలిక్కి రాసుకున్నాడు.

"బాబాయ్, ఇది గాలికి చేరిన ఉప్పు కాదు. దీంతో నాలుగు పూటలు పప్పు వండుకోవచ్చు."

జగన్నాధం గొంతు సవరించుకున్నాడు. దాచడానికేముంది, తొలి ఉప్పు ఆచారం మొత్తం చెప్పాడు. దేవేంద్ర తల పట్టుకున్నాడు. "ఏటా పెట్టావా? మరైతే ఇది మొదటి ఏడాదే చావాలి కదా. పన్నెండేళ్లు ఎలా బతికింది?"

గుమ్మంలో చీపురు పట్టుకున్న తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"నాను దులిపేదాన్ని బాబూ," అంది. "ఏటా ఉప్పెట్టిన రోజున మావ బువ్వకెల్తాడు కదా, అప్పుడు తువ్వాలు తీసి, బోర్లా తిప్పి, రెండు సరుపులు సరిసి, పొడిగుడ్డెట్టి తుడిసి, మల్లా తువ్వాలు కప్పీదాన్ని. ఈ ఏడు హేమ దగ్గరుండిపోనాను."

జగన్నాధం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరి చెయ్యీ పడనివ్వనని లారీ లారీకీ చెప్పుకున్న ప్రతి రోజూ ఆయన కళ్ల ముందు వరస కట్టింది. "మరి నాకెందుకు సెప్పనేదే?" అన్నాడు చివరికి.

"సెప్తే ఊరుకుంటావేటి? అపచారమంటావు. నువ్వు ఉప్పెట్టి దండమెట్టినప్పుడు నీ మొకం సిన్నగుంటడి మొకంలా ఉంటాది మావా. దాన్నెందుకు పాడుసెయ్యాల? సామి తిన్నాకే కదా నాను దులిపీది."

దేవేంద్ర ఇంకా పెంకులోకే చూస్తున్నాడు. "కానీ చిటికెడంటే ఇంత ఉండదు. ఒక్క ఏడాదిలో ఇంత ఎలా వచ్చింది?"

జగన్నాధం కిటికీ వైపు తిరిగాడు. అటు చూడాల్సింది ఏమీ లేదు, ఖాళీ మడులు తప్ప. "ఈ ఏడు సిటికెడు కాదు బాబూ," అన్నాడు మెల్లగా. "సిటికెడు కాటా పేరునెట్టి, పిడికెడు దీని మడుల పేరునెట్టినాను. ములిగిపోతారని నలుగుర్లో అన్నాను గానీ, నిజంగా ములిగిపోవాలనేటి?"

తవిటమ్మ నవ్వు ఆగిపోయింది. చీపురు గోడకి ఆనించి, ఆయన భుజం మీది తువ్వాలు లాక్కుని కళ్లు తుడుచుకుంది. ఆ పిడికెడే కాస్తలో తన కుప్ప ముంచబోయిందని ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ మాట మాత్రం ఇద్దరూ అనలేదు. దేవేంద్ర మరలు ఏరుకునే నెపంతో బల్ల కిందకి వంగి చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

మళ్లీ తొలి ఉప్పు తేలిన రోజు వచ్చింది. కాటా గది ముందు పన్నెండు మంది ఆడవాళ్లూ చేరారు, రాముడు లారీ ఆపి దిగాడు. జగన్నాధం తలస్నానం చేసి వచ్చి, స్విచ్చి వేయకముందే నిండు దండం పెట్టుకుని, చిటికెడు ఉప్పు కీబోర్డు మీద పెట్టాడు.

"ఈ కొత్తది ఎన్నాల్లుంటాది జగన్నాధం?" అని రాముడు కవ్వించాడు.

జగన్నాధం కళ్లజోడు సర్దుకున్నాడు. వెనక పిన్ను ఊడదీసి, కీబోర్డుని రెండు చేతులా ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చి, అందరూ చూస్తుండగా తవిటమ్మ చేతుల్లో పెట్టాడు.

"ఇంద, దులుపు," అన్నాడు. "అది నీకే వచ్చు."

తవిటమ్మ దాన్ని బోర్లా తిప్పి రెండు చరుపులు చరిచింది. ఉప్పు గడపలో రాలింది. ఆమె కీబోర్డు తిరిగి చేతికిచ్చేదాకా ఆయన అక్కడే నిలబడి, తరవాత లోపలికి వెళ్లి పిన్ను దూర్చి స్విచ్చి వేశాడు.